చేయగలం అంటే చేయలేం అని వినపడింది

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. 34 ఏళ్ళు. పల్నాడులో చిన్న ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంజనీరింగ్. 11 ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు. ఇప్పుడు బెళ్ళందూరు వైపు ఒక కంపెనీలో టెస్ట్ లీడ్. ఇల్లు వైట్‌ఫీల్డ్‌లో. భర్త, ఏడేళ్ళ పాప.

నాలుగు నెలల కిందట అమెరికా క్లయింటుతో కాల్‌లో ఆమె ‘వి క్యాన్ ఫినిష్ ద టెస్టింగ్ బై థర్స్‌డే’ అన్నారు. గురువారానికి పూర్తి చేయగలం అని ఆమె ఉద్దేశం. అవతలాయన చేయలేం అని విన్నాడు. రిలీజ్ వాయిదా వేసి, పైవాళ్ళకు మెయిల్ కొట్టాడు. తీరా చూస్తే పని బుధవారం సాయంత్రానికే అయిపోయింది. మేనేజర్ పిలిచి ‘యాక్సెంట్ మీద కొంచెం వర్క్ చెయ్’ అన్నాడు. అప్రైజల్‌లో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అన్న వాక్యం చేరింది. ఇంకో కాల్‌లో ఆమె మామూలుగా బగ్‌ల లెక్క చెబుతుంటే అదే క్లయింటు మధ్యలో ఆపి, ‘ఆర్ యూ అప్‌సెట్?’ అని అడిగాడట. అప్పటినుంచి కాల్ వస్తే మ్యూట్‌లో ఉండి, తన టీమ్‌లో రెండేళ్ళ అనుభవమున్న కుర్రాడికి చాట్‌లో టైప్ చేసి పంపుతున్నారు. అతను చదివి వినిపిస్తాడు. పేరు అతనికొస్తోంది.

ఇంట్లో సాధన చేద్దామంటే అపార్ట్‌మెంట్‌లో తెలుగు స్నేహితురాళ్ళు ‘ఏంటే, బిల్డప్ ఇస్తున్నావ్?’ అని నవ్వుతున్నారు. మొన్న చుట్టాలొచ్చినప్పుడు పాప అందరి ముందూ ‘డెవలప్ కాదమ్మా, డివెలప్’ అని దిద్దింది. ఒక శిక్షణ సంస్థ 40 గంటల ‘యాక్సెంట్ ట్రైనింగ్’కు 32 వేలు అడుగుతోంది. భర్త అది దండగంటున్నాడు, క్లయింట్ కాల్స్ లేని ప్రాజెక్టు అడగమంటున్నాడు. ‘నా గ్రామర్‌లో తప్పుండదు, స్పెల్లింగ్‌లో తప్పుండదు. పదకొండేళ్ళయ్యాక నీకు మాట్లాడటం రాదంటున్నారు. ఏం చేయమంటారు?’ అని ఉత్తరం ముగించారు.

సమాధానం

ముందు ఆ గురువారం సంగతి తేల్చేద్దామమ్మా. మిగతా బాధంతా అక్కడే మొదలైంది.

మీ మేనేజర్ దాన్ని యాక్సెంట్ అన్నాడు. పేరు తప్పు పెట్టాడు. అమెరికావాళ్ళు ‘వి క్యాన్ ఫినిష్’ అనేటప్పుడు ఆ క్యాన్‌ను దాదాపు మింగేస్తారు. ‘వికన్ ఫినిష్’ అన్నట్టుంటుంది, బరువంతా ఫినిష్ మీద పడుతుంది. చేయలేం అనాల్సి వస్తే మాత్రం ‘క్యాంట్’ను నిండుగా పలుకుతారు. అందులో చివరి ట్ చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది, బయటికి రాదు. అందుకని వాళ్ళ చెవి ట్ కోసం కాచుకుని ఉండదు, క్యా నిండుగా ఉందా నలిగిందా అన్నదే పట్టుకుంటుంది. మీరు అన్ని మాటల్లాగే క్యాన్‌కూ నిండుగా బరువిచ్చారు. ఆయనకు ‘లేదు’ అని చేరింది. అదే ఇంగ్లండు క్లయింటైతే ఈ గొడవ ఇంతగా ఉండేది కాదు. అక్కడ చాలామంది ‘కాంట్’ అని దీర్ఘం తీస్తారు కాబట్టి రెండూ కలవవు.

ఇలాంటిది నాకూ జరిగింది. కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకునే రోజుల్లో ఒక అమెరికా ప్రొఫెసర్ వస్తే, నేను పరీక్షల కమిటీలో ఉన్నానని గర్వంగా చెప్పాను. క మీద నొక్కి, మన పద్ధతిలో. ఆయన ఒక క్షణం ఆగి, ‘పరీక్షలకు కామెడీ ఎందుకు?’ అన్నాడు. వాళ్ళు ఆ మాటలో మి మీద నొక్కుతారు. మొదటి ముక్క మీద నొక్కు పడితే, పైగా వాళ్ళ నోట్లో రెండు అచ్చుల మధ్య ట కాస్తా డ లాగా మారుతుంది కాబట్టి, వాళ్ళ చెవికి దొరికే దగ్గరి మాట కామెడీయే. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనకెందుకిలా అవుతుందంటే, మనల్ని పెంచింది అక్షరాన్ని మింగొద్దని. చిన్నప్పుడు శతక పద్యం అప్పజెబుతూ ఒక్క అక్షరం నలిపితే పంతులుగారు తొడపాశం పెట్టేవారు. తెలుగులో తేడా తెచ్చేది నిడివి. పడు వేరు, పాడు వేరు. ఛందస్సులో కూడా లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఏ అక్షరాన్ని గట్టిగా అన్నావన్న లెక్కే లేదు. మెల్లగా అన్నా అరిచి అన్నా గణాలు మారవు. ఇంగ్లిష్ పద్యంలో లెక్క వేరు. అక్కడ కొలత నొక్కుకు. మాటలో ఒక ముక్కను పైకెత్తి, కాస్త సాగదీసి, స్పష్టంగా అంటారు. పక్కనున్నవి నలిగిపోతాయి, వాటి అచ్చులు రంగు పోయి ‘అ’లాంటి ఒక మసక చప్పుడుగా మిగులుతాయి. ఆ మసక అచ్చుకు మన లిపిలో గుర్తు లేదు. అందుకే బనానాను మనం మూడు అక్షరాలూ విడివిడిగా అంటాం, వాళ్ళు నడిమి నా ఒక్కటే వినిపిస్తారు.

మింగడం మనకు రాదనుకోకండి. మీరు అమ్మగారికి ఫోన్‌లో ‘వచ్చేస్తున్నాను’ అని పూర్తిగా అంటారా? ‘వచ్చేస్తన్నా’ అంటారు. ‘ఏం చేస్తున్నావురా’ నోట్లో ‘ఏంజేస్తన్నావ్రా’ అవుతుంది. ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితం మీద ఉన్నదంతా చదవబోతాం, ఎందుకంటే మనం దాన్ని కాగితం మీదే నేర్చుకున్నాం. మీ గ్రామర్, స్పెల్లింగ్ అంత శుభ్రంగా ఉండటానికీ, మీ క్యాన్ అంత నిండుగా పడటానికీ కారణం ఒకటే.

ఇక ‘ఆర్ యూ అప్‌సెట్’ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. ఇంగ్లిష్ చెవికి ఒక్క మాట మీద బరువు పడితే అది ముఖ్యమైన మాట అని గుర్తు. ప్రతి మాట మీదా పడితే? మనం పిల్లల మీద విసిగినప్పుడు ‘నీకు. ఎన్ని. సార్లు. చెప్పాలి’ అని ఒక్కో మాటా విడదీసి అంటాం చూడండి, వాళ్ళకు అలా వినపడుతుంది. మీరు బగ్‌ల లెక్క చెబుతున్నారు, ఆయనకు తిట్టు వినపడుతోంది. ఇందులో ఆయన తప్పూ లేదు, మీ తప్పూ లేదు. మీ ఆఫీసులో కన్నడ, తమిళ, మలయాళం వాళ్ళందరూ కాస్త అటూ ఇటుగా మనలాగే మాట్లాడతారు కాబట్టి పదకొండేళ్ళలో ఈ సంగతి మీ దాకా రాలేదు. బెంగళూరులో బెంగళూరువాళ్ళతో మీ ఇంగ్లిష్ నిక్షేపంలా పనిచేస్తుంది.

మరి ఏ మాట మీద బరువు వేయాలో ఎలా తెలుస్తుంది? మీకు తెలుసు. తెలుగులో రోజంతా చేస్తూనే ఉన్నారు, గొంతుతో కాకుండా ‘ఏ’ అనే ఒక్క అక్షరంతో. మీ పనిలోదే ఒక వాక్యం తీసుకుందాం, బిల్డ్ అంటే టెస్టింగ్‌కు సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్. ‘ద బిల్డ్ ఫెయిల్డ్ ఆన్ ట్యూస్‌డే.’ సోమవారం ఫెయిలైందనుకుంటున్న మనిషికి మీరు తెలుగులో ఏమంటారు? ‘బిల్డ్ మంగళవారమే ఫెయిలైంది’ అంటారు. పోయింది సర్వర్ అనుకుంటున్నవాడికి ‘ఫెయిలైంది బిల్డే’ అంటారు. పాసైందని సంబరపడుతున్నవాడికి ‘ఫెయిలే అయింది’ అంటారు. ఇంగ్లిష్‌లో ఆ ఏ లేదు. మాటల వరస కూడా మనంత తేలిగ్గా మారదు. అందుకని ఆ పని గొంతు చేస్తుంది. మొదటివాడికి ట్యూస్‌డే మీద, రెండోవాడికి బిల్డ్ మీద, మూడోవాడికి ఫెయిల్డ్ మీద బరువు పెట్టి, మిగతాది వదిలేయడమే. ఎవరికీ ఏ అపోహా లేనప్పుడు, మామూలుగా చెబుతుంటే, సాధారణంగా చివరలో వచ్చే ముఖ్యమైన మాట మీద పడుతుంది.

రేపు స్టాండప్‌లో, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగ్‌లో, చెప్పబోయే వాక్యం ఒకటి ముందు తెలుగులో అనుకోండి. ఏ ఎక్కడ పెట్టారో చూసుకుని, ఇంగ్లిష్‌లో అక్కడ గొంతు పెంచండి. రోజుకు ఒక్క వాక్యం. వైట్‌ఫీల్డ్ నుంచి బెళ్ళందూరు వెళ్ళే క్యాబ్ మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఎలాగూ కదలదు, ఆ సమయం చాలు. ఫోన్‌లో మీ గొంతు మాత్రమే రికార్డు చేసుకుని, వెంటనే కాకుండా మర్నాడు వినండి. వెంటనే వింటే మీరు అనుకున్నది వినపడుతుంది, మర్నాడు వింటే మీరు అన్నది వినపడుతుంది. క్లయింట్ కాల్ రికార్డింగులు మాత్రం ఇంటికి తెచ్చుకోకండి, అది వేరే తలనొప్పి.

విడి మాటల్లో నొక్కు ఎక్కడన్నది ఇంకో సంగతి. దీనికి అడ్డదారి తక్కువ. ఇంగ్లిష్‌లో లక్ష మాటలున్నాయని బెంగపడకండి, మీ ఉద్యోగంలో రోజూ తిరిగేవి ఓ ఇరవై ఉంటాయి. డివెలప్‌లో వె. ఎన్‌వైరన్‌మెంట్‌లో వై. పరామీటర్‌లో రా. సక్సెస్, రిజల్ట్, రిపోర్ట్, ఈవెంట్, పర్సెంట్, అన్నింట్లో రెండో ముక్క. మనం మాత్రం ఈవెంట్‌లో ఈ మీద, పర్సెంట్‌లో పర్ మీద పడతాం. ఆటోమేట్‌లో నొక్కు మొదట్లో ఉంటుంది, అదే ఆటోమేషన్ అయ్యేసరికి మే మీదికి జరుగుతుంది. వాలిడేట్, వాలిడేషన్ కూడా అంతే. షన్‌తో ముగిసే మాటల్లో నొక్కు దానికి ముందు ముక్క మీదే ఉంటుందని ఒక్కటి గుర్తుంచుకుంటే వందల మాటలు చక్కబడతాయి. రికార్డ్ లాంటివి కొన్ని తమాషాగా ఉంటాయి. వస్తువైతే మొదటి ముక్క మీద, పనైతే రెండో ముక్క మీద. రోల్‌బ్యాక్ అని పేరుగా అంటే రోల్ మీద నొక్కు, ‘వెనక్కి తీసుకెళ్దాం’ అనే అర్థంలో అంటే బ్యాక్ మీద.

టెస్టింగ్‌లో ఉన్నారు కాబట్టి అంకెలు మరీ జాగ్రత్త. థర్టీలో నొక్కు థర్ మీద, విడిగా అన్నప్పుడు థర్టీన్‌లో టీన్ మీద. పదమూడు బగ్‌లు ముప్పై అయితే క్లయింటు ఇంకో మెయిల్ కొడతాడు. నేనైతే ఫోన్‌లో ‘థర్టీన్, వన్ త్రీ’ అని విడగొట్టి చెబుతాను, ఇందులో నామోషీ ఏమీ లేదు.

అనుమానమొస్తే డిక్షనరీ తెరవండి. ఉచ్చారణ రాసినచోట పైన చిన్న నిలువు గీత ఉంటుంది, దాని తర్వాత వచ్చే ముక్క మీద నొక్కు. మనలో చాలామంది అర్థం చూసి మూసేస్తాం, ఆ గీత వంక చూడం. నేనూ ఆ కామెడీ జరిగాకే చూడటం మొదలుపెట్టాను.

వాక్యంలో బరువు, విడి మాటలో నొక్కు, ఈ రెండింట్లో ఏది ముందు? పండితులే ఒక మాట మీద లేరు. హైదరాబాద్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అంటే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), తరఫున ఆర్.కె. బన్సల్ 1969లో ప్రచురించిన పరిశోధన, భారతీయుల ఇంగ్లిష్ బయటివాళ్ళకు అర్థంకాకపోవడానికి విడి మాటల్లో నొక్కు తప్పడం ఒక పెద్ద కారణమని చెప్పింది. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ అనే బ్రిటిష్ భాషావేత్త వాక్యంలో ప్రధానమైన నొక్కు తప్పనిసరి అన్నారు, విడి మాటల్లో నొక్కును మాత్రం తన తప్పనిసరి జాబితాలో చేర్చలేదు. ఆమె చూసింది ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందర్భాలను. మీ క్లయింటు అమెరికావాడు కాబట్టి బన్సల్‌గారి మాటనూ పక్కన పెట్టలేం. రేపు జర్మనీ ప్రాజెక్టుకో జపాన్ ప్రాజెక్టుకో మారితే జెంకిన్స్ చెప్పింది చాలా దూరం పనికొస్తుంది. నా మటుకు నేను వాక్యంతో మొదలుపెట్టమంటాను. ఫలితం మొదటి వారంలోనే కనపడుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, రేపటినుంచే చేయగలిగింది. క్లయింటుతో క్యాన్ అనే మాటే వాడకండి. ‘వి విల్ ఫినిష్ బై థర్స్‌డే’ అనండి. కుదరకపోతే ‘నో’ అని ముందు పెట్టి, ‘వి క్యానాట్’ అని పూర్తిగా అనండి. కాల్ అయ్యాక రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ప్రమాదం అక్కడికక్కడే ఆగుతుంది. కాకపోతే ఇది కట్టు మాత్రమే, ‘అప్‌సెట్’ సమస్యను ఇది తీర్చదు. ఇంకో మాట, విల్ అంటే మాట ఇచ్చినట్టే, తప్పితే పట్టుకుంటారు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి అడగడం రెండోది. ‘కమ్యూనికేషన్’ అంటే ఏ కాల్‌లో, ఏ వాక్యం? ఆ గురువారం సంగతి ఇలా జరిగిందని నేను పైన రాసింది ఆయనకు వివరించండి. ఇది యాక్సెంట్ కాదు, ఒక్క మాట మీది బరువు, సరిచేసుకుంటున్నాను అని చెబితే అప్రైజల్‌లోని ఆ పొడి వాక్యం ఒక పూర్తయ్యే పనిలా మారుతుంది. ఆయన మంచివాడైతే మీ మీద నమ్మకం పెరుగుతుంది. చిరాకు మనిషైతే సాకులు చెబుతోంది అనుకోవచ్చు. ఆయన ఎలాంటివాడో ఉత్తరాన్ని బట్టి నాకు తెలియలేదు, మీకు తెలుసు. ఒకవేళ వెళ్తే, బుధవారానికే పని పూర్తయిన మెయిల్ చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

ఆ 32 వేల కోర్సు. మీ వారు దండగన్నారు, నేను అంత తొందరగా అనను. ఒక డెమో క్లాసు అడిగి కూర్చోండి. ర ను నాలుక మెలితిప్పి పలికించడం, వాటర్‌ను ‘వాడర్’ అనిపించడం మీదే గంట గడిచిందా, లేచి వచ్చేయండి. దానివల్ల మీరు సగం అమెరికాలా, సగం మీలా వినపడతారు, గురువారం సమస్య అలాగే ఉంటుంది. మీ చేత మాట్లాడించి, మీ రికార్డింగు మీకే వినిపించి, ఈ మాట మీద బరువెందుకు పడిందని అడిగే టీచరు దొరికితే డబ్బు దండగ కాదు. అలాంటి టీచరుతోనైనా 40 గంటలు ఎందుకో మాత్రం అడగండి. పది గంటలకు ఒప్పుకుంటారేమో.

కాల్స్ లేని ప్రాజెక్టుకు మారడం కూడా తప్పేమీ కాదు, మీ వారు మీ నిద్ర గురించి ఆలోచించి అన్నారు. రెండు మూడు నెలలు ఊపిరి పీల్చుకోవడానికి బాగుంటుంది. ఆ తర్వాత? మీరు ఇప్పటికే లీడ్. పైమెట్టులో పని సగం మాట్లాడటమే. ఇప్పుడు తప్పించుకున్న కాల్స్ అప్పుడు ఒకేసారి వచ్చి పడతాయి. ప్రాజెక్టు మారినా సాధన ఆపకపోతే మాత్రం ఇదీ మంచి దారే.

చాట్‌లో టైప్ చేసి కుర్రాడి చేత చెప్పించడం మాత్రం వెంటనే మానండి. దీన్ని నేను దారుల్లో కలపడం లేదు. క్లయింటు దృష్టిలో టీమ్ అతనిది అయిపోతోంది. మూడు నెలలు పోతే మీకు కాల్ ఆహ్వానం కూడా రాదు. మొదట్లో ఐదు నిమిషాలు మీరే మాట్లాడండి, వివరాలు అతనికి వదలండి. అతనికీ అది న్యాయం. ఎవరి మాటలో చదివి వినిపిస్తున్నానన్న సంగతి అతనికీ తెలుసు.

స్నేహితురాళ్ళ బిల్డప్ మాటకు నేను చెప్పేదేమీ పెద్దగా లేదు. వాళ్ళ ముందు సాధన చేయకండి, అంతే. వాళ్ళతో తెలుగులో మాట్లాడుకోండి, ఇంగ్లిష్ అవసరం ఎక్కడుంది? అన్నట్టు, ‘బిల్డప్’ను మనవాళ్ళు బిల్ మీదే నొక్కి, అచ్చంగా డిక్షనరీలో ఉన్నట్టే పలుకుతారు. నవ్విన నోళ్ళు ఆ ఒక్క మాటా సరిగ్గానే అన్నాయి.

పాప సంగతి వేరు. చుట్టాల ముందు దిద్దితే మనసు చివుక్కుమంటుంది, ఏడేళ్ళ పిల్లకు అది తెలియదు. ఇంట్లో ముగ్గురే ఉన్నప్పుడు దిద్దమనండి, బయటివాళ్ళున్నప్పుడు వద్దని ఒప్పందం చేసుకోండి. బదులుగా మీరు ఆమెకు ళ, ణ పలకడం దిద్దండి. వైట్‌ఫీల్డ్ స్కూలు పిల్లలు బెంగళూరును బెంగలూరు అనడం నేను చాలాసార్లు విన్నాను. మరో పని కూడా చేయండి. డివెలప్ సరిగ్గా అన్న పిల్లను డివెలప్‌మెంట్ అనమని అడగండి. చాలామంది పెద్దవాళ్ళు కూడా అక్కడికి రాగానే మెంట్ మీద పడతారు. నొక్కు అక్కడ కూడా వె మీదే.